పేరు బోర్డెక్కే ముందు

చి. అమ్మడికి,

బాబాయి ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నీ వంటల ఛానెల్‌లో రెండు లక్షల మంది చేరారని చెప్తుంటే గొంతు నిండా గర్వం. ఆ వెంటనే నువ్వు హోటల్ మేనేజ్‌మెంట్ చివరి ఏడాది చదువు ఆపేసి, ఎవరో పెట్టుబడి పెడతానంటే కొండాపూర్‌లో రెస్టారెంట్ తెరుస్తానంటున్నావని చెప్పాడు. అప్పుడు వినిపించిందంతా టెన్షనే. ఫోన్లో మాట్లాడితే మధ్యలో నవ్వించి మాట మార్చేస్తావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

వద్దని చెప్పడానికి రాయడం లేదు. నీ చేతిలో రుచి ఉంది. నీ వీడియోలన్నీ మీ పిన్ని ఫోన్లో చూస్తూనే ఉన్నాను. ఉలవచారు బాగా చేశావు. గుత్తి వంకాయలో మాత్రం కెమెరాకి మెరవాలని నూనె గుమ్మరించావు. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

నువ్వు సంజీవ్ కపూర్ పేరు చెప్పావట, టీవీతోనే పైకొచ్చాడు కదా అని. ఆయన 1984లో ఢిల్లీ పూసాలోని హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ నుంచి బయటికొచ్చాడు. ఆయన వంటల షో 'ఖానా ఖజానా' జీ టీవీలో మొదలైంది 1993లో. నడుమ తొమ్మిదేళ్లు ఏం చేశాడని నువ్వు అడగలేదు. ఆ తొమ్మిదేళ్లూ హోటల్ కిచెన్లలో ఉన్నాడు. చిన్న వయసులోనే ముంబై సెంటార్ హోటల్‌కి ఎగ్జిక్యూటివ్ చెఫ్ అయ్యాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాడి పనంటే రోజూ పొద్దున సరుకు ఇండెంట్లు, అంటే ఏమేం కావాలో రాసిన చీటీలు చూడటం, నెలాఖరున వంట సరుకు ఖర్చు ఎందుకు పెరిగిందో మేనేజ్‌మెంట్‌కి సంజాయిషీ చెప్పుకోవడం. టీవీలో నవ్వుతూ గరిటె తిప్పే మనిషి వెనక ఆ లెక్కలన్నీ ఉన్నాయి. టీవీలో కనబడగానే రెస్టారెంట్ కూడా తెరవలేదు. కొన్నేళ్ల తర్వాత, 1990ల చివర్లో దుబాయ్‌లో మొదలుపెట్టాడు. ఆ తర్వాత 'ది యెల్లో చిల్లీ' రెస్టారెంట్లని చాలావరకు ఫ్రాంచైజీ పద్ధతిలో, అంటే పేరు తనది, నడిపేది వేరేవాళ్లు అన్నట్టు పెంచాడు. గిన్నెలు, మసాలాలు, సొంత టీవీ ఛానెల్, 2017లో పద్మశ్రీ అన్నీ వచ్చాయి. ఫ్రాంచైజీలో ఒక మెలిక ఉంది. ఊరూరా బోర్డు మీద ఆయన పేరే, పొయ్యి దగ్గర మాత్రం ఆయన ఉండడు. అయినా ఆ దాల్ అదే రుచిలో రావాలి. అంటే గ్రాముల లెక్కన రాసిపెట్టి, ఆ లెక్క ప్రకారం చేయగల మనుషుల్ని ముందే తయారు చేసి ఉండాలి. నేను నా రెస్టారెంట్‌లో చెయ్యనిది సరిగ్గా అదే.

హిమాయత్‌నగర్‌లో నా రెస్టారెంట్ నీకు గుర్తుండదు, నువ్వు అప్పటికి పుట్టలేదు. పదహారేళ్లు స్టార్ హోటల్లో ఇండియన్ సెక్షన్ చూశాను కదా, యాభై ఆరు సీట్ల చిన్న రెస్టారెంట్ నాకొక లెక్కా అనుకున్నాను. మొదటి ఏడాది ఆదివారాలు బయట బెంచీలు వేయాల్సి వచ్చేది. అందరూ వచ్చేది గోంగూర మాంసం కోసం. అది నా చేతి వంట. ఎంత ఉడకాలి, ఎంత పులుపు పడాలి అన్నది ఏ పుస్తకంలోనూ రాయలేదు. ఎర్ర కాడ గోంగూరకి పులుపు ఎక్కువ, తెల్ల కాడకి తక్కువ. ఏ రోజు ఏది వస్తుందో దాన్ని బట్టి ఆకు తగ్గించో పెంచో చూసుకునేవాణ్ణి. నా దగ్గరున్న మాస్టర్ మంచి పనివాడే, కానీ ఈ సంగతి అతనికి నేను ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే రేపు పక్క సందులో సొంతంగా పెట్టుకుంటాడని నా భయం.

మా అమ్మకి, అంటే మీ నానమ్మకి, తుంటి ఎముక విరిగినప్పుడు ఇరవై రోజులు తెనాలిలో ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి రోజూ వచ్చే డాక్టర్ గారు రావడం మానేశారు. ఆయన వెంట వచ్చే మూడు కుటుంబాలూ లేవు. దారిలో కనబడి అడిగితే "మీరు లేరుగా" అన్నారాయన మర్యాదగా. ఆ ఒక్క ముక్క ఇప్పటికీ చెవిలో ఉంది. నాలుగేళ్లకు మూసేశాను. కారణాలు ఇంకా ఉన్నాయి కానీ మొదటి బీట అక్కడే పడింది.

అందుకని నీకు నేను చెప్పే మొదటి పని: బోర్డు రాయించేలోపు పన్నెండు వంటకాలు ఎంచుకో. ఒక్కోదాన్ని కాటా మీద తూచి రాయి. చింతపండు "నిమ్మకాయంత" అని రాయకు, నానబెట్టి పిండిన రసం ఎన్ని మిల్లీలీటర్లో రాయి. ఆ కాగితం తీసుకెళ్లి నీ వంట ఎప్పుడూ తినని మనిషి చేతికిచ్చి, నువ్వు పక్క గదిలో కూర్చో. ఆ మనిషి చేసింది, నువ్వు చేసింది పక్కపక్కన పెట్టి మీ అమ్మకి తినిపించు. ఏది నీదో ఆమె కనిపెట్టలేని రోజున ఆ వంటకం మెనూలోకి వస్తుంది. వీడియోలో ఒక్కసారి బాగా కుదిరితే చాలు, కుదరకపోతే మళ్లీ తీస్తావు. శనివారం రాత్రి నూట నలభయ్యో ప్లేటు మళ్లీ తీయడానికి ఉండదు.

ఇక డబ్బు. రొయ్యలతో చెప్తాను, నేను దెబ్బతిన్నదీ వాటితోనే. ఇప్పటి ధరల్లోనే అనుకుందాం. తలకాయలతో ఉన్న రొయ్యలు కిలో 600 రూపాయలకి తెచ్చావు. ప్లేటుకి 200 గ్రాములు, కాబట్టి రొయ్యల ఖర్చు 120 రూపాయలే అనుకుని మెనూలో రేటు వేస్తావు. తలలు, పెంకులు, నరం తీశాక చేతికి మిగిలేది ఇంచుమించు సగం. అంటే ప్లేటులో పడే రొయ్యల ఖరీదు 240. నేను మొదటి ఏడు నెలలు ఈ లెక్క తప్పే వేశాను. ప్రతి రొయ్యల వేపుడుకీ నా జేబులోంచి డబ్బు కలిపి కస్టమర్‌కి పెడుతున్నానన్నమాట. ఆ వేపుడుకి జనం ఎందుకు ఎగబడ్డారో తర్వాత అర్థమైంది. చికెన్‌కీ, మటన్‌కీ, ఆకుకూరకీ ఇలాగే దేని తరుగు దానికి ఉంటుంది. నువ్వే కోసి, తూచి, పుస్తకంలో రాసుకో.

నా అనుభవంలో వంద రూపాయల అమ్మకంలో ముప్పై అయిదు సరుక్కి పోతాయి. పాతిక దాకా జీతాలకి, పదిహేను అద్దెకి, గ్యాసూ కరెంటుకి ఎనిమిది. పగిలిన ప్లేట్లు, పాడైన సరుకు, మరమ్మతులు పోను చేతిలో పది మిగిలితే బాగా నడుస్తున్నట్టే. నువ్వేమో సగం అమ్మకం డెలివరీ యాప్‌ల మీదే అంటున్నావట. అక్కడ కమీషన్ పాతిక దాకా లాగేస్తే ఆ పది ఎక్కడినుంచి తెస్తావు? ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రెస్టారెంట్ బిల్లు మీద జీఎస్టీ 5 శాతమే, కానీ దాని మీద ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. షాపు అద్దె మీద, కొత్త ఓవెన్ మీద నువ్వు కట్టే 18 శాతం వెనక్కి రాదన్నమాట. ఇంటీరియర్ వాడు కోట్ ఇచ్చినప్పుడు ఇది గుర్తుంచుకో.

బ్రిటన్ టీవీ చెఫ్ జేమీ ఆలివర్ కథ కూడా చెప్పాలి. ఎసెక్స్‌లో అమ్మానాన్నల పబ్ కిచెన్‌లో చిన్నప్పుడే చేయి వేసినవాడు. లండన్ రివర్ కేఫ్‌లో పనిచేస్తుంటే బీబీసీ కంట్లో పడ్డాడు. 1999లో టీవీ షో, ఆ తర్వాత ప్రపంచమంతా పేరు. 2008లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదటి 'జేమీస్ ఇటాలియన్' రెస్టారెంట్ తెరిచాడు, చూస్తుండగా బ్రిటన్‌లోనే నలభై దాటాయి. అద్దెలు పెరిగాయి, అలాంటి రెస్టారెంట్లు వీధికి నాలుగొచ్చాయి. 2017లో సొంత డబ్బు సుమారు 1.3 కోట్ల పౌండ్లు పోసినా నిలబడలేదు. 2019 మేలో బ్రిటన్‌లో మిగిలిన 25లో 22 మూతపడ్డాయి, వెయ్యి మంది ఉద్యోగాలు పోయాయి. అప్పటికీ ఆయన పుస్తకాలు అమ్ముడవుతూనే ఉన్నాయి, టీవీలో కనబడుతూనే ఉన్నాడు. పేరుకేమీ కాలేదమ్మడూ. జీతం పోయింది ప్లేట్లు కడిగేవాళ్లకి, కూరలు తరిగేవాళ్లకి.

నీ పెట్టుబడిదారు సంగతి. మనిషిని నేను చూడలేదు, మంచివాడే కావచ్చు. కానీ నీ పేరు మీద బోర్డు పెడతానంటే ముందు ఆ పేరుని ట్రేడ్‌మార్క్‌గా నీ పేరున నమోదు చేయించు. ట్రేడ్‌మార్క్ నమోదులో రెస్టారెంట్ సేవలు వచ్చేది 43వ క్లాసు కింద. ఒప్పందంలో పేరు వాడుకోవడానికి గడువు రాయించు, విడిపోతే బోర్డు దించాలని కూడా రాయించు. అప్పు కాగితాల మీద నీ సొంత హామీ సంతకం అడిగితే పెట్టకు. మీ నాన్న ఇల్లు తాకట్టు అనే మాట వస్తే అక్కడే లేచి వచ్చెయ్.

చదువు మాత్రం ఆపకు. డిగ్రీ కాగితం గోడకి తగిలించుకోవడానికని అనడం లేదు. పోయినేడు ట్రైనింగ్‌లో నిన్ను సలాడ్లు, చల్లటి వంటకాలు చేసే ప్యాంట్రీలోనూ బేకరీలోనూ పెట్టి సరిపెట్టారని ఏడ్చావు. ఆడపిల్లలకి చాలాచోట్ల ఇదే చేస్తారు, భట్టీ దగ్గర వేడి తట్టుకోలేరని వాళ్ల వాదన. డిగ్రీ అయ్యాక ఉద్యోగంలో చేరేటప్పుడే మాంసం కోసే బుచరీ, ఇండియన్ సెక్షన్, తందూర్ కావాలని నోరు తెరిచి అడుగు. రెండేళ్లు చెయ్యి. రాత్రి షిఫ్టుకి క్యాబ్, బట్టలు మార్చుకోవడానికి ఆడవాళ్లకి వేరే గది ఉన్నాయో లేవో చేరే ముందే కనుక్కో. కాళ్లకి మంచి బూట్లు కొనుక్కో, డబ్బుకి చూసుకోకు. నా పిక్కల మీద నరాలు ఎలా ఉబ్బాయో నువ్వు చూశావుగా.

ఛానెల్ మానొద్దు. వారానికి ఒక్క వీడియో పెట్టినా చాలు. రెండేళ్ల తర్వాత నువ్వు మటన్ కోసే వీడియో పెడితే ఆ రెండు లక్షల మందీ ఎక్కడికీ పోరు.

దసరా సెలవులకి ఇక్కడికి రా. పన్నెండు వంటకాల్లో మొదటి రెండూ కలిసి తూచి రాద్దాం. గోంగూర మాంసం నాది, ఇన్నాళ్లకి దాన్నీ కాగితం మీద పెట్టాలి. ఇంట్లో కాటా ఐదు గ్రాములు అటూఇటూ చూపిస్తోంది, మీ కాలేజీ దగ్గర మంచిది దొరికితే కొనుక్కురా, డబ్బు నేనిస్తాను. మీ పిన్ని కొత్త ఆవకాయ జాడీ ఒకటి నీకోసం పక్కన పెట్టింది.

నీ
బాబాయి