నెలకు 85 వేలు, కాగితం మాత్రం లేదు

ప్రశ్న: మాది చిత్తూరు. వయసు 27. బీకామ్ చదివి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ అసిస్టెంటుగా చేస్తున్నాను. జీతం 18 వేలు, ఖర్చులు పోను నెలకు 5 వేలు మిగులుతుంది. మా పెద్దమ్మ కొడుకుకు తెలిసిన ఏజెంటు థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం ఉందన్నాడు. నెలకు 85 వేలు, తిండీ వసతీ వాళ్లవే. ముందు టూరిస్టుగా వెళ్లాలి, వర్క్ పర్మిట్ తర్వాత చేయిస్తారట. జీతం లెక్కల్లో చూపకుండా క్యాష్‌గా ఇస్తారు, కాబట్టి ట్యాక్స్ ఉండదంటున్నాడు. ఆఫీసు మే సోట్ అనే ఊళ్లో. మొత్తం 1,80,000 కావాలి. అమ్మ గాజులు కుదువ పెడితే లక్ష వస్తుంది, మిగతా 80 వేలు రెండు రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు. అడ్వాన్సు 15 వేలు కట్టాను, పాస్‌పోర్ట్ కూడా ఇచ్చాను. నా పేరు మీద రెండు కొత్త బ్యాంకు ఖాతాలు తెరిచి, ఏటీఎం కార్డులు, సిమ్‌లు వెంట తెమ్మన్నారు. ఏడాది చేస్తే అప్పు తీరి చెల్లెలి పెళ్లికి కొంత మిగులుతుందా? డబ్బు ఇంటికి ఎలా పంపాలి?

జవాబు: వెళ్లకండి. ఇంత సూటిగా చెప్పే అవసరం నాకు ఎప్పుడో గానీ రాదు.

ముందు ట్యాక్స్ సంగతి చూద్దాం, ఏజెంటు దాన్నే పెద్ద లాభంగా చూపించాడు కాబట్టి. నెలకు 85 వేలంటే ఏడాదికి 10,20,000. ఇంత జీతం మీకు చిత్తూరులోనే, బ్యాంకు ఖాతాలోనే, జీతం, పన్ను లెక్క చూపే కాగితంతో సహా వచ్చినా కట్టాల్సిన పన్ను సున్నా. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయంపై పన్ను పడకుండా రిబేటు ఉంది. పైగా ఉద్యోగం కోసం విదేశం వెళ్లి, ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజుల కంటే తక్కువ ఉంటే మీరు ఎన్నారై. అక్కడ పనిచేసి అక్కడే తీసుకున్న జీతం మీద మన దేశంలో పన్నే లేదు. థాయ్‌లాండ్‌లో పట్టుకునే పన్ను కొంత తప్పుతుందేమో గానీ, లెక్కల్లో లేకపోవడం వల్ల అసలు లాభం మీకు కాదు, జీతం ఇచ్చేవాడికి. మిమ్మల్ని పనిలో పెట్టుకున్నట్టు ఎక్కడా రుజువు ఉండదు కదా.

జూన్, జూలైల్లో మీ ఫ్యాక్టరీ గేటు ముందు తోతాపురి మామిడి ట్రాక్టర్లు బారులు తీరతాయి. కాటా చీటీ చేతికి రాకుండా ఏ రైతయినా లోడు దించి ఇంటికి పోతాడా? 2025 సీజనులో కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తాయన్నప్పుడు ఎంత గొడవ జరిగిందో మీకు నాకంటే బాగా తెలుసు. ధర తేలినా తేలకపోయినా, ఇంత సరుకు ఇచ్చానని చెప్పుకోవడానికి ఆ రైతు దగ్గర ఒక చీటీ ఉంది. మీరు మాత్రం ఏడాది కష్టాన్ని చీటీ లేకుండా దించి రావాలనుకుంటున్నారు.

మా మేనమామ కువైట్‌లో అదే చేశాడు. మన వైపు ఆజాద్ వీసా అంటారే, ఆ బాపతు. ఇంటి పని వీసా మీద వెళ్లి, బయట వేరేవాళ్ల దగ్గర పని. అకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, అయిపోయాక మూడేళ్లు దాక్కుని బతికాడు. 2018లో అక్కడి ప్రభుత్వం ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ఇస్తే తిరిగొచ్చాడు. నాలుగు నెలల జీతం రావాల్సి ఉంది. ఎవరిని అడగాలి? ఏ కాగితం చూపించి అడగాలి? ఇప్పటికీ ఆ మాట ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోతాడు.

కానీ మీకొచ్చిన ఆఫర్ అంతకంటే ప్రమాదకరం. మే సోట్ బ్యాంకాక్ నుంచి దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో, మోయి నది ఒడ్డున ఉంది. ఏరు దాటితే మయన్మార్‌లోని మ్యావడీ. డేటా ఎంట్రీ అని నమ్మించి బ్యాంకాక్‌లో దింపి, మే సోట్ మీదుగా ఏరు దాటించి, ప్రహరీల మధ్య కూర్చోబెట్టి ఆన్‌లైన్ మోసాలు చేయించే కంపెనీలు ఉన్నది అక్కడే. మన విదేశాంగ శాఖ 2022 నుంచి హెచ్చరిస్తూనే ఉంది. 2025 మార్చిలో అలా చిక్కుకున్న 500 మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో మే సోట్ నుంచే తీసుకొచ్చారు. కంబోడియాకు ఇలాగే పంపుతున్న ఏజెంట్లను 2024లో విశాఖ పోలీసులు పట్టుకున్నారు. మీ ఏజెంటూ అలాంటివాడే అని నేను తేల్చి చెప్పలేను. అయితే ఊరు అదే, పని పేరు అదే, టూరిస్టు దారీ అదే.

అన్నిటికంటే నన్ను ఉలిక్కిపడేలా చేసింది ఆ రెండు ఖాతాలు, కార్డులు, సిమ్‌లు. జీతం క్యాష్‌గా ఇచ్చేవాడికి మీ ఏటీఎం కార్డు ఎందుకు? మోసపోయినవాళ్ల డబ్బు ముందు వచ్చి పడేది ఇలాంటి ఖాతాల్లోనే. మ్యూల్ అకౌంట్ అంటారు. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఖాతాదారు ఇంటికి, అంటే మీ అమ్మగారు ఉన్న ఇంటికి. ఖాతాలు తెరిచేసి ఉంటే వెంటనే మూయించండి.

డబ్బు పంపడం గురించి అడిగారు. పద్ధతిగా వెళ్లినవాళ్లు ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు (ఎన్నారైల కోసం ఇక్కడి బ్యాంకులు తెరిచేది) పంపుతారు, ఆ వడ్డీకి ఇక్కడ పన్ను ఉండదు. దానికి బ్యాంకు వర్క్ వీసా అడుగుతుంది. టూరిస్టు ముద్రతో వెళ్లినవాళ్లకు మిగిలేది హుండీ, అంటే బ్యాంకు లేకుండా దళారుల చేతుల మీదుగా పంపడం. పట్టుబడితే విదేశీ మారక ద్రవ్య చట్టం ఫెమా కింద ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా పడవచ్చు.

ఇక అప్పు. అంతా ఏజెంటు చెప్పినట్టే జరిగితే మూడు నాలుగు నెలల్లో తీరిపోతుంది. మీ మనసులో ఉన్న లెక్క అదే అయి ఉంటుంది. రెండో లెక్క కూడా వేయండి. నెల తిరక్కుండా వెనక్కి వచ్చారనుకుందాం, పాత ఉద్యోగం మళ్లీ దొరికిందనే అనుకుందాం. 80 వేలకు రెండు రూపాయల చొప్పున నెలకు 1,600. గాజుల మీద లక్షకు రూపాయి వడ్డీ వేసుకున్నా 1,000. మీకు మిగిలే 5 వేలలో 2,600 వడ్డీకే పోతుంది. అసలుతో సహా తీరడానికి నాలుగేళ్లు పడుతుంది. ఆ నాలుగేళ్లూ చెల్లెలి పెళ్లికి పైసా పక్కన పెట్టలేరు.

విదేశం వెళ్లాలనే ఆశ తప్పేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది, అందులో పేరు వెతకండి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జీ గరిష్ఠంగా 30,000, దానిపై 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400, అదీ రశీదుతో. మిమ్మల్ని అడిగింది దానికి అయిదు రెట్లు. విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓమ్‌క్యాప్ ప్రకటనలు కూడా చూస్తూ ఉండండి. ఒక చిన్న సంగతి. పదో తరగతి పాస్ కానివాళ్లు థాయ్‌లాండ్‌తో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ క్లియరెన్సు తీసుకోవాలి, అక్కడ కాగితాలు చూస్తారు. డిగ్రీ ఉన్న మీకు ఆ గడపే లేదు. ఇలాంటివాళ్లు చదువుకున్న పిల్లల వెంట పడడానికి అదీ ఒక కారణమని నా అనుమానం.

ఇక్కడ ఉంటూ ఆదాయం పెంచుకునే మాటకొస్తే, జీఎస్టీ రిటర్నులు వేయడం నేర్చుకోండి. నెలనెలా రిటర్నుల గడువైన 11, 20 తేదీలు దగ్గర పడుతున్నాయంటే ట్యాక్స్ కన్సల్టెంట్ల ఆఫీసుల్లో పని నెత్తిమీదికొస్తుంది. సాయంత్రాలు రెండు గంటలు చేసే బీకామ్ కుర్రాడు దొరికితే వాళ్లు వద్దనరు. 85 వేలు రావు, నిజమే.

ఈరోజే చేయాల్సిన పని పాస్‌పోర్ట్ వెనక్కి తెచ్చుకోవడం. అది భారత ప్రభుత్వ ఆస్తి, ఏజెంటు దగ్గర ఉంచుకునే హక్కు లేదు. ఇవ్వనంటే పోలీసు స్టేషన్‌కు వెళ్లండి. 15 వేలు వెనక్కివ్వమని వాట్సాప్‌లో అడగండి, ఫోన్లో కాదు. కట్టిన స్క్రీన్‌షాట్ దాచుకోండి. అవి తిరిగి రాకపోవచ్చు. వాటిని రాబట్టుకోవడానికి మాత్రం ఇంకో రూపాయి కట్టవద్దు. అమ్మగారి గాజులు ఇంకా బీరువాలోనే ఉన్నాయో, కుదువకు వెళ్లాయో మీరు రాయలేదు. వెళ్లి ఉంటే ఈ వారంలోనే విడిపించండి, ఆ లక్ష ఖర్చు కాకముందే.