స్టాటిస్: గింజ నుంచి ఎండుపూల గుత్తి దాకా

ఎండినా రంగు నిలిచే కాగితంలాంటి పూల మొక్క స్టాటిస్. ఏడాది పంటగా పెంచే ఈ మొక్కపై పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: పొట్లం విప్పితే గింజలకు బదులు ఎండిన పూల తుక్కులాంటిది కనిపించింది. అదే చల్లాను. కొన్నిచోట్ల మొలకలే లేవు, కొన్నిచోట్ల రెండు మూడు గుంపుగా వచ్చాయి. విత్తనం నాసిదా?

జవాబు: నాసిది కాదు, పొట్టు తీయనిది. స్టాటిస్ గింజ ఎండిన పూత అడుగున, గొట్టం లోపలే ఉండిపోతుంది. పూత చిన్న చిన్న గుత్తులుగా రాలుతుంది కాబట్టి ఒక్కో తునకలో రెండు మూడు గింజలు ఉండొచ్చు, ఒక్కటీ లేకపోనూ వచ్చు. ఇలాంటి విత్తనాన్ని అరచేతుల మధ్య మెల్లగా నలిపి గుత్తులు విడదీశాకే చల్లాలి. పొట్టు తీసి శుభ్రం చేసిన విత్తనం దొరికితే అదే కొనండి. గింజలు సన్నగా, కొంచెం పొడవుగా, గోధుమ రంగులో ఉంటాయి. ఎన్ని మొలకలు వస్తాయో ముందే అంచనా వేసుకోవచ్చు.

గళ్ల ట్రేలో నారు పోయడం మేలు. కోకోపీట్‌లో పెర్లైట్ గానీ వర్మిక్యులైట్ గానీ (రెండూ తేలికపాటి ఖనిజ గుళికలే) కలిపి నింపి, గడికి ఒకటి రెండు గింజలు వేసి, పైన 3 మిల్లీమీటర్లకు మించకుండా కప్పండి. 18 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ ఉంటే అయిదారు రోజుల్లో మొలక మొదలై రెండు వారాల్లో పూర్తవుతుంది. మొలక కనిపించిన దగ్గర్నుంచి నీళ్లు తగ్గించాలి. పైపొర ఆరాక, ట్రేని నీళ్ల పళ్లెంలో ఉంచి అడుగు నుంచి తాగనివ్వండి. పైనుంచి రోజూ చిలకరిస్తే మొలకలు మొదలు దగ్గర నల్లబడి పడిపోయే నారుకుళ్లు వస్తుంది.

ప్రశ్న: నారు నాటి రెండు నెలలు దాటింది. ఆకులు నేలకు పరుచుకుని ముల్లంగి మొక్కలా దట్టంగా ఉన్నాయి, పూకాడ మాత్రం ఒక్కటీ లేదు. ఎరువు తక్కువైందా?

జవాబు: ఎరువు వేయకండి, అది ఆకునే పెంచుతుంది. మీ మొక్కలకు తక్కువైంది చలి. స్టాటిస్‌లో విఫలమైన పంటల్లో చాలావాటికి కారణం ఇదే, అయినా విత్తన పొట్లం మీద ఇది అరుదుగా కనిపిస్తుంది.

ఈ మొక్క ముందు ఆకుల చక్రం వేసుకుంటుంది. నాలుగైదు ఆకులు వేసిన లేత వయసులో 10 నుంచి 13 డిగ్రీల చల్లదనం కొన్ని వారాలు తగిలితేనే త్వరగా పూకాడ ఎత్తుతుంది. రకాన్ని బట్టి 3 నుంచి 6 వారాలు పట్టొచ్చు. తొందరగా పూసే రకాలకు తక్కువ చాలు. మరో చిక్కు కూడా ఉంది: చలి పూర్తిగా అందకముందే గట్టి ఎండవేడి తగిలితే, అందిన చలి ప్రభావం కూడా కొంత చెరిగిపోతుంది. చలి అందిన మొక్కలకు పగటి పొడుగు పెరిగితే పూత ఇంకా త్వరపడుతుంది.

అందుకే విత్తే తేదీని వెనక నుంచి లెక్కగట్టాలి. మంచు గడ్డకట్టే ప్రాంతాల్లో చివరి మంచుకు 8 నుంచి 10 వారాల ముందు లోపల నారు పోసి, బయట ఇంకా చల్లగా ఉండగానే నాటేస్తారు. బలంగా పెరిగిన నారు తేలికపాటి మంచుకు తట్టుకుంటుంది. చలికాలం మృదువుగా ఉండే చోట్ల వేసవి వేడి తగ్గగానే విత్తితే, లేత మొక్కలు చల్లటి నెలల్ని దాటుకుని పూతకొస్తాయి. వేడి కాలంలో మొలిచిన నారు మీరు చూస్తున్నట్టే ఆకుకే పరిమితమవుతుంది.

ఇప్పుడున్న మొక్కల్ని పీకేయనక్కర్లేదు. మొదలు పొడిగా ఉంచుతూ కాపాడితే, రాత్రులు చల్లబడ్డాక చాలావరకు కాడ ఎత్తుతాయి. అంతా సజావుగా సాగినా గింజ నుంచి పూతకు దాదాపు 4 నెలలు పడుతుందని గుర్తుంచుకోండి.

ప్రశ్న: బాట అంచున వరసగా వేయాలని ఉంది. ఎంత దూరం? ఏ రకం?

జవాబు: అంచు ముందువరసకు పెటీట్ బొకే లాంటి పొట్టి రకాలు, 30 సెంటీమీటర్ల ఎత్తు. కోతకూ వెనకవరసకూ ఫోర్ట్రెస్, క్యూఐఎస్ లాంటి పొడుగు రకాలు, 60 నుంచి 75 సెంటీమీటర్లు. మొక్కకూ మొక్కకూ 30 సెంటీమీటర్లు వదలండి. పొట్టివాటికి 20, 25 చాలు. మొదట్లో మడి బోసిగా కనిపించి ఇంకా దగ్గరగా నాటాలనిపిస్తుంది. అలా నాటితే ఆకుచక్రాలు ఒకదానిమీద ఒకటి పడి, గాలి ఆడక కుళ్లుతాయి.

రోజంతా ఎండ తగలాలి. నీడలో కాడలు సాగి వాలిపోతాయి. మోస్తరు సారమున్న ఇసుక నేల చాలు, ఉప్పుదనాన్నీ ఓర్చుకుంటుంది. నత్రజని ఎక్కువైన నేలలో ఆకు మెండు, కాడ మెత్తన. తల్లివేరు లోతుగా దిగే మొక్క కాబట్టి నాలుగు నుంచి ఆరు ఆకులు రాగానే నాటేయండి. గడిలో వేరు చుట్టుకుపోయాక నాటితే సరిగా నిలదొక్కుకోదు.

ప్రశ్న: నీళ్లు పోస్తున్నా మొక్కలు వాడిపోతున్నాయి. లాగితే మొదలు దగ్గర ఊడి వస్తున్నాయి.

జవాబు: పోస్తున్నా కాదు, పోస్తున్నందుకే. అది మొదలుకుళ్లు. శిలీంధ్రం తడి మొదలులో పాకి, వేరుకూ ఆకుకూ మధ్య దారి తెంచేస్తుంది. మొక్క వాడినట్టుంటే మరింత నీళ్లు పోస్తాం, అది మరింత కుళ్లుతుంది. ఇలా ఊడిపోయిన మొక్క బతకదు. చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేయండి. మిగిలినవాటికి నీళ్లు మొక్కల మధ్య సాలులో పారించండి, ఆకుచక్రం నడిబొడ్డులో పడనివ్వకండి. నాటేటప్పుడు ఆ నడిబొడ్డు నేల మట్టానికి కాస్త పైనే ఉండాలి. మట్టిలో పూడితే ఈ తెగులును పిలిచినట్టే. బంకమట్టి నేలైతే 15 సెంటీమీటర్ల ఎత్తు బోదెలు తీసి వాటిమీద నాటడం తప్పనిసరి.

ప్రశ్న: ఎండబెట్టిన పూలకాడలు మెడ దగ్గర వంగిపోయాయి. కట్ట మధ్యలో బూజు కూడా వచ్చింది.

జవాబు: మెడ వంగిందంటే తొందరపడి కోశారు. కొమ్మమీద నాలుగింట మూడు వంతులకు పైగా పూత విచ్చుకున్నాకే కోయాలి. విచ్చుకోని మొగ్గ ఎండాక విచ్చుకోదు, ముడుచుకుపోతుంది. మరీ ఆలస్యమైతే కింది పూత గోధుమ రంగుకు తిరుగుతుంది.

బూజుకు కారణాలు రెండు: కోతనాటి తడి, లావు కట్ట. మంచు ఆరిపోయాక, పొడి రోజున కాడను మొదలంటా కోయండి. ఎనిమిది, పది కాడలకు ఒక కట్ట. తాడు కన్నా రబ్బరు బ్యాండు నయం. కాడలు ఎండి సన్నబడేకొద్దీ అదీ బిగుస్తుంది, తాడు కట్టులోంచి జారిపోతాయి. చీకటిగా, గాలి ఆడే చోట తలకిందులుగా రెండు మూడు వారాలు వేలాడదీయండి. కాడ వంచితే టక్కున విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే.

ప్రశ్న: ఎండేటప్పుడు లోపలి చిన్న తెల్లపూలు రాలిపోతున్నాయి. గుత్తి పాడైనట్టేనా?

జవాబు: కాదు. అసలు పువ్వు ఆ తెల్లదే, అది రాలుతుంది. ఊదా, పసుపు, గులాబి రంగుల్లో మనం చూసేది దాని బయటి రక్షకపత్రావళి. కాగితంలా ఉండే ఆ భాగమే నిలుస్తుంది. గుత్తిని కిటికీ ఎండకు దూరంగా పెట్టండి, వెలిసిన రంగు తిరిగి రాదు.

ప్రశ్న: మా ఊదా పూల గింజలు దాచి వేస్తే మళ్లీ ఊదాయే వస్తుందా?

జవాబు: పక్కన వేరే రంగులుంటే హామీ లేదు. స్టాటిస్‌లో పుప్పొడి, దాన్ని అందుకునే కీలాగ్రాల నిర్మాణం వేరుగా ఉండే రెండు తరహా మొక్కలుంటాయి. ఒక తరహా పుప్పొడి రెండోదానిమీదే పనిచేస్తుంది. అందుకే ఒంటరి మొక్కకు గింజ సరిగా పట్టదు, పక్క రంగులతో కలవడమూ సహజం. ఒకే రంగు కావాలంటే ఆ రంగు మొక్కలు అయిదారైనా ఒక్కచోట, మిగతా రంగులకు దూరంగా పెంచండి. పూత కొమ్మమీదే గోధుమ రంగుకు ఎండాక దులిపి, పొట్టు నలిపి, బాగా ఆరబెట్టి, తేమ చొరని సీసాలో చల్లటి చోట ఉంచండి.