సెల్ఫ్ కొడితే ఇంజన్ ఈడుస్తోందా? ముందు ప్లగ్ విప్పి చూడండి
పాత గార్డెన్ ట్రాక్టర్లపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది 1960ల నాటి గార్డెన్ ట్రాక్టర్. కోహ్లర్ కె241 ఇంజన్, ఒకటే సిలిండర్, 10 హార్స్‌పవర్. సెల్ఫ్ కొడితే అర చుట్టు తిరిగి ఆగుతుంది, మూలుగుతూ ఇంకో చుట్టు వేస్తుంది. బ్యాటరీ కొత్తది వేశాం, మార్పేమీ లేదు. ఇక సెల్ఫ్ మోటార్ మార్చాల్సిందేనా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. ఇలా ఆగి ఆగి తిరగడానికి సాధారణంగా కనిపించే కారణాలు మూడు. మోటార్‌కు చాలినంత కరెంటు అందకపోవడం, కంప్రెషన్ (సిలిండర్‌లో నొక్కుకుపోయిన గాలి ఒత్తిడి) వదలకుండా పిస్టన్‌కు అడ్డుపడటం, స్పార్క్ రావలసిన వేళకంటే ముందే రావడం. కొత్త మోటార్ వేసినా చివరి రెండూ అలాగే ఉంటాయి. ఏది కారణమో తేల్చడానికి పది నిమిషాలు చాలు.

గేరు న్యూట్రల్‌లో పెట్టండి, మోవర్ క్లచ్ విడిపించండి. స్పార్క్ పుట్టించే కాయిల్‌కు స్విచ్ నుంచి వచ్చే సన్న వైరు ఊడదీయండి. ప్లగ్ అలాగే ఉండనివ్వండి. ఇప్పుడు సెల్ఫ్ కొడితే ఇంజన్ ఆగకుండా తిరిగిందంటే తప్పు టైమింగ్‌దే, అంటే స్పార్క్ పడే వేళదే. అప్పుడూ ఆగుతుంటే ప్లగ్ కూడా విప్పి కొట్టండి. ప్లగ్ లేకపోయినా నీరసంగానే తిరిగితే బ్యాటరీ, వైర్లు, మోటార్ వైపు వెళ్లాలి. ప్లగ్ తీయగానే గిర్రున తిరిగితే కంప్రెషన్ రిలీజ్ (సెల్ఫ్ కొట్టేటప్పుడు కొంత గాలిని వదిలే ఏర్పాటు) మీద అనుమానం పడాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. అడ్డు లేకపోతే నీరసించిన మోటార్ కూడా గిర్రున తిరుగుతుంది. అందుకే ప్లగ్ మళ్లీ బిగించి, వోల్టేజ్ కొలిచాకే ట్యాపెట్ల (వాల్వులను పైకి నెట్టే ముక్కల) జోలికి పోండి.

కొలత ఇలా. నిండా చార్జ్ అయిన బ్యాటరీ ఏ పనీ చేయనప్పుడు 12.6 వోల్టులు చూపాలి. 12.0 దగ్గర ఉంటే పావు వంతు చార్జే మిగిలినట్టు, ముందు చార్జ్ చేయండి. తర్వాత మల్టీమీటర్ ఒక తీగను బ్యాటరీ పాజిటివ్ సీసపు మొనకు ఆనించండి. క్లాంపుకు కాదు, మొనకే. రెండో తీగను మోటార్ బోల్టుకు ఆనించి, ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. తిరుగుతున్నంతసేపూ మీటర్ అర వోల్టు కంటే ఎక్కువ చూపితే ఆ దారిలో ఎక్కడో కరెంటు వృథా అవుతోంది. ఇలాగే నెగెటివ్ మొన నుంచి ఇంజన్ బాడీ మీద రంగు గీకిన చోటికి కొలవండి. 0.3 వోల్టు దాటితే ఎర్త్ బాగోలేదు.

పాత ట్రాక్టర్లలో ఎర్త్ దోషమే ఎక్కువ, అందులోనూ కొత్తగా రంగు వేసిన బండ్లలో. చట్రానికి, ఇంజన్‌కు మధ్య రంగు పొర ఉంటే కరెంటు బోల్టుల మరల గుండా మాత్రమే పోవాలి. ఎర్త్ కేబుల్ చట్రం మీద కాకుండా నేరుగా ఇంజన్ బోల్టుకే బిగించండి. ఆ చోట ఇనుము మెరిసేదాకా గీకి, బిగించాక పైన గ్రీజు పూయండి. కేబుల్ 16 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 25 అయితే ఇంకా మంచిది. కేబుల్ చివర తొడుగు ఒలిచి రాగి పోగులు చూడండి. పచ్చబారి ఉంటే శుభ్రం చేసి ప్రయోజనం లేదు, కేబులే మార్చాలి.

కరెంటు సరిగ్గా అందుతోందా? అయితే ట్యాపెట్లు చూడండి. కె241లో చాలా ఇంజన్ల కామ్‌షాఫ్ట్ మీద కంప్రెషన్ రిలీజ్ ఉంటుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఒక చిన్న పలక ఎగ్జాస్ట్ వాల్వును కొద్దిగా ఎత్తి పట్టి కొంత గాలిని వదిలేస్తుంది. ఇంజన్ అందుకున్నాక, నిమిషానికి సుమారు 600 చుట్లు దాటితే, బరువులు బయటికి విచ్చుకుని ఆ పలకను తప్పిస్తాయి. అది వాల్వును ఎత్తేది చాలా కొంచెం. ట్యాపెట్ క్లియరెన్స్ (ట్యాపెట్‌కు, వాల్వుకు మధ్య సందు) పెరిగితే ఆ కొంచెం ఎత్తూ సందులోనే పోతుంది, వాల్వు కదలదు. పూర్తి కంప్రెషన్‌కు ఎదురు తిరగలేక మోటార్ ఆగిపోతుంది.

సరిచేయడానికి హెడ్ విప్పక్కర్లేదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక వాల్వ్ చాంబర్ మూత తీసి, పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తెచ్చి, రెండు ట్యాపెట్లూ వదులుగా ఉన్నాయని చూసుకోండి. ఫీలర్ గేజ్‌తో ఇన్‌టేక్ 0.008 నుంచి 0.010 అంగుళం (0.20–0.25 మి.మీ.), ఎగ్జాస్ట్ 0.017 నుంచి 0.019 అంగుళం (0.43–0.48 మి.మీ.) ఉండాలి. లాక్ నట్ బిగించేటప్పుడు సర్దుబాటు కదిలిపోతుంది కాబట్టి బిగించాక ఇంకోసారి కొలవండి. మూత పెట్టకముందే ఫ్లైవీల్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ ఎగ్జాస్ట్ వాల్వును గమనించండి. కంప్రెషన్ స్ట్రోక్‌లో మూసుకున్న వాల్వు ఒకసారి చిన్నగా లేచి దిగాలి. క్లియరెన్స్ సరిపోయినా అది లేవడం లేదంటే రిలీజ్ పలకో, దాని స్ప్రింగో పోయినట్టు. అది ఇంజన్ దించి కామ్‌షాఫ్ట్ బయటికి తీయాల్సిన పని.

మొదటి పరీక్షలోనే, కాయిల్ వైరు తీయగానే ఇంజన్ బాగా తిరిగితే పై పనులేవీ అక్కర్లేదు. పాయింట్ల (విడివడినప్పుడు స్పార్క్ పుట్టించే కాంటాక్టుల) గ్యాప్ చూడండి. 0.020 అంగుళం (0.5 మి.మీ.) ఉండాలి. గ్యాప్ ఎక్కువైతే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, స్పార్క్ ముందే పడుతుంది, పైకి వస్తున్న పిస్టన్‌ను ఆ మంట వెనక్కి తంతుంది. ఫ్లైవీల్ మీది ‘ఎస్’ గుర్తు చూపుడు గీతకు ఎదురుగా వచ్చినప్పుడు పాయింట్లు అప్పుడే విడివడాలి. ఆ గుర్తు పిస్టన్ పైకి చేరడానికి 20 డిగ్రీల ముందు స్థానం. వెనక్కి తన్నే ఇంజన్‌ను అలాగే కొడుతూ పోతే సెల్ఫ్ గేరు పళ్లు విరుగుతాయి, కాబట్టి దీన్ని వాయిదా వేయకండి.

ప్రశ్న: ఈ ఇంజన్‌కు కంప్రెషన్ గేజ్ పెడితే చాలా తక్కువ చూపుతోంది. పిస్టన్ రింగులు పోయినట్టేనా?

జవాబు: అలా తేల్చలేం. రిలీజ్ పనిచేస్తుంటే సెల్ఫ్ వేగంలో గేజ్ తక్కువే చూపుతుంది. ప్లగ్ బిగించి ఫ్లైవీల్‌ను చేత్తో వెనక్కి తిప్పండి. వెనక్కి తిప్పినప్పుడు రిలీజ్ అడ్డురాదు. గట్టిగా ఎదురు తన్నితే రింగులు, వాల్వులు బాగున్నట్టే.

ప్రశ్న: మా బండిలో బెల్టుతో తిరిగే స్టార్టర్ జనరేటర్ (సెల్ఫ్ మోటార్, జనరేటర్ రెండూ ఒకటే అయిన యూనిట్) ఉంది. సెల్ఫ్ కొడితే కీచుమంటుంది, ఇంజన్ మాత్రం కదలదు.

జవాబు: బెల్టు జారుతోంది. బెల్టు పక్కలు అద్దంలా నున్నబడినా, బెల్టు పుల్లీ గాడి అడుగుకు ఆనినా ఎంత లాగి బిగించినా పట్టదు, కొత్తది వేయండి. పుల్లీ గాడిలో నూనె ఉంటే ముందు తుడవండి. జారుడు పోవాలని మరీ బిగించకండి, బేరింగులు పోతాయి. ఆ యూనిట్ విప్పి బాగుచేసి తిరిగి పెట్టినప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయకముందే పోలరైజ్ చేయడం (జనరేటర్ సరైన దిశలో చార్జ్ చేసేలా క్షణంపాటు కరెంటు పంపడం) మరవద్దు. డెల్కో రెమీ రకంలో రెగ్యులేటర్ ‘బ్యాట్’, ‘జెన్’ టెర్మినల్స్‌ను ఒక వైరు ముక్కతో ఒక్క క్షణం కలిపి తీస్తే సరిపోతుంది. ఇది చేయకపోతే జనరేటర్ తిరగేసి చార్జ్ చేసి రెగ్యులేటర్ పాయింట్లు మాడిపోవచ్చు.

ప్రశ్న: చల్లగా ఉన్నప్పుడు బాగానే తిరుగుతుంది. గంట పని చేసి ఆపి మళ్లీ కొడితే మాత్రం తిరగలేనట్టు మూలుగుతుంది. ఎందుకు?

జవాబు: వేడికి మోటార్ లోపలి రాగి నిరోధం పెరుగుతుంది, అంచున ఉన్న మోటార్ అప్పుడే చేతులెత్తేస్తుంది. ముందు మోటార్ బుష్‌లు చూడండి. అవి అరిగితే ఆర్మేచర్ (మోటార్ లోపల తిరిగే భాగం) పక్కకు వాలి చుట్టూ ఉన్న పోల్ ముక్కలకు రాసుకుంటుంది. విప్పితే ఆర్మేచర్ మీద మెరిసే గీతలు కనిపిస్తాయి. కొత్త కంచు బుష్‌లను ఒక రాత్రి ఇంజన్ ఆయిల్లో నానబెట్టి వేయండి. కమ్యుటేటర్ (ఆర్మేచర్ చివర బ్రష్‌లు ఆనే రాగి భాగం) నల్లబడితే సన్నటి గరుకు కాగితంతో మెరిసేలా రుద్దండి. ఎమరీ కాగితం వాడకండి, దాని పొడి కరెంటును దాటిస్తుంది.

మోటార్‌లో లోపం లేకపోతే ఇంజన్ అతిగా కాగుతోందేమో చూడండి. ఫ్లైవీల్ కవరు విప్పి, రెక్కల మధ్య ఇరుక్కున్న గడ్డి, ఎలుక గూళ్లు పూర్తిగా తీసేయండి. హెడ్‌లో మసి పేరుకుపోయినా కంప్రెషన్ పెరిగి ఇదే లక్షణం వస్తుంది. మసి గీకి హెడ్ తిరిగి పెట్టేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయండి. కె241కి హెడ్ బోల్టుల బిగింపు 25 నుంచి 30 అడుగుల పౌండ్లు, రెండు మూడు విడతలుగా, ఎదురెదురుగా.

ఏ పరీక్ష చేసినా సెల్ఫ్‌ను ఒక్కసారికి 10 సెకన్లకు మించి పట్టకండి, మధ్యలో నిమిషం ఆగండి.

ప్రశ్న: నిన్నటిదాకా తిరిగిన ఇంజన్ ఈ రోజు ఠక్కున ఆగిపోయింది, చేత్తో తిప్పినా కదలదు.

జవాబు: ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ మట్టం పెరిగి, పెట్రోలు వాసన వస్తుంటే కార్బ్యురేటర్ ఫ్లోట్ నీడిల్ (పెట్రోలు రాకను ఆపే సూది) కారి ట్యాంకులోని పెట్రోలు రాత్రంతా సిలిండర్‌లోకి దిగినట్టు. పెట్రోలు ద్రవం కాబట్టి నొక్కినా కుదించుకోదు. సెల్ఫ్ కొట్టొద్దు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కాయిల్ వైరు తీసి, ప్లగ్ విప్పి, ఆరుబయట ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పి పెట్రోలు బయటికి పోనివ్వండి. ఆయిల్ మొత్తం మార్చండి. సున్నా డిగ్రీల పైన వాతావరణానికి ఎస్‌ఏఈ 30 సరిపోతుంది. నీడిల్, సీటు కొత్తవి వేసేదాకా పని ముగియగానే పెట్రోలు ట్యాప్ కట్టేయండి.