వదులైన స్క్రూ: మళ్లీ ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: మేము కూకట్‌పల్లిలో ఉంటాం. మా అమ్మాయికి 14 ఏళ్లు. పుట్టుకతోనే పెళుసు ఎముకల వ్యాధి ఉంది. వెన్ను పక్కకు వంగిపోవడంతో ఐదు నెలల క్రితం రాడ్లు, స్క్రూలు వేసి సరిచేశారు. నెల రోజులుగా భుజాల మధ్య నొప్పి అంటోంది. పైనున్న ఒక స్క్రూ వదులైందని, మళ్లీ ఆపరేషన్ అవసరం కావచ్చని అంటున్నారు. జ్వరం లేదు, నడకలో మార్పు లేదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా అనే ఈ వ్యాధిలో ఎముకకు సాగే గుణాన్నిచ్చే టైప్ 1 కొలాజెన్ జన్యులోపం వల్ల సరిగా తయారుకాదు కాబట్టి, మామూలు ఎముకలో బిగుతుగా నిలిచే స్క్రూ కూడా ఈ పిల్లల వెన్నుపూసల్లో క్రమంగా కదిలిపోవచ్చు. ముఖ్యంగా రాడ్ ముగిసే పైభాగంలో బరువంతా ఒకచోట పడుతుంది కనుక సమస్య అక్కడే ఎక్కువగా కనిపిస్తుంది. అంతమాత్రాన అది సర్జన్ పొరపాటని అనుకోనవసరం లేదు.

ఎక్స్‌రేలో స్క్రూ వదులుగా కనిపించినంత మాత్రాన ఆపరేషన్ నిర్ణయం కాదు. వెన్నుపూసలు అతుక్కుంటున్నాయా, స్క్రూ నాడుల వైపు జరిగిందా అన్నది సీటీ స్కాన్‌లో తెలుస్తుంది. జ్వరం లేకపోయినా లోపల నెమ్మదిగా ఇన్‌ఫెక్షన్ ఉండి స్క్రూ వదులయ్యే అవకాశం ఉంది కాబట్టి ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఆనవాళ్లను చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు తప్పక చేయించండి. విటమిన్ డి కూడా చూపించండి. ఇవి సవ్యంగా ఉండి, వంపు పెరగకుండా, నొప్పి అదుపులో ఉంటే, కొన్ని వారాలకొకసారి ఎక్స్‌రే తీయిస్తూ వేచి చూడటమే నేను ఇష్టపడతాను. ఎందుకంటే రెండోసారి వేసే స్క్రూలు పట్టుకోవాల్సిందీ ఆ పెళుసు ఎముకనే.

ఆపరేషన్ తప్పకపోతే స్క్రూ చుట్టూ ఎముక సిమెంట్ నింపడం, మరికొన్ని వెన్నుపూసల వరకు రాడ్‌ను పొడిగించడం వంటి మార్గాలున్నాయి. సిమెంట్ నరాల వైపు గానీ రక్తనాళాల్లోకి గానీ జారే ప్రమాదం కొంత ఉంటుంది. ఈ పిల్లలకు రక్తస్రావం ఎక్కువ కావచ్చు కనుక రక్తం ముందే సిద్ధం చేయించి, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు గురించి అడగండి. మత్తు డాక్టరును మాత్రం ముందురోజే కలిసి, పాప దంతాలు, మెడ కదలిక, ఊపిరితిత్తుల సామర్థ్యం చూపించాలి. మత్తు ఇచ్చేటప్పుడు వాడే, కండరాలు ఒక్కసారిగా బిగిసేలా చేసే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తే ఎముక విరిగే భయం ఉంటుంది; బీపీ పట్టీ బిగించినా చేయి విరిగిన సందర్భాలున్నాయి.

ఎముకలు బలపడటానికి ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్‌ను, వెన్నుపూసలు అతుక్కునే దశలో కొన్ని నెలలు ఆపే డాక్టర్లు ఉన్నారు. కాబట్టి తదుపరి డోసు ఎప్పుడన్నది సర్జన్, ఎముకల మందులిచ్చే డాక్టరు మాట్లాడుకుని చెప్పాలి. మీరే తేదీ నిర్ణయించకండి.

కాళ్లలో బలహీనత లేదా తిమ్మిరి, మూత్రం ఆగకపోవడం, గాయం నుంచి నీరు లేదా చీము, కూర్చుంటే పెరిగే తలనొప్పి, మింగడంలో ఇబ్బంది – వీటిలో ఏది కనిపించినా మర్నాటి ఓపీ కోసం ఆగకుండా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఈలోగా పాపను చంకల కింద పట్టుకుని లేపవద్దు. తల, నడుము, కాళ్లు ఒకే వరుసలో ఉండేలా ఇద్దరు కలిసి తిప్పాలి. గుంతల రోడ్డు మీద ఆటో ప్రయాణం కొన్నాళ్లు మానేయండి. ఆపరేషన్ ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలన్నీ తేదీల వారీగా పెట్టుకుని వెళితే, స్క్రూ ఎప్పుడు కదిలిందో సర్జన్‌కు తెలుస్తుంది.