కంప్యూటర్ సందేహాలు: ముందు ఫోల్డర్లు సర్దాలా, డీఫ్రాగ్ చేయాలా?

ప్రశ్న: హనుమకొండలో మాకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, బతుకమ్మ సంబరాలు, మేడారం జాతర ఫొటోలన్నీ ఒకే కంప్యూటర్‌లోని 2 టీబీ హార్డ్ డిస్కులో దాస్తున్నాం. డి డ్రైవ్ దాదాపు నిండిపోయింది. ఫోల్డర్ తెరిస్తే ఫొటోలు కనిపించడానికే చాలాసేపు పడుతోంది. 'న్యూ ఫోల్డర్' పేరుతోనే లెక్కలేనన్ని ఫోల్డర్లు పేరుకుపోయాయి. తెలిసినవారు డీఫ్రాగ్ చేయమన్నారు. రాత్రి పెట్టి ఇంటికి వెళ్తే తెల్లవారినా పూర్తికాలేదు. మధ్యలో కరెంటు పోతే ఫొటోలు పాడవుతాయేమోనని భయంగా ఉంది. దేనితో మొదలుపెట్టాలి?
– ఒక స్టూడియో యజమాని, హనుమకొండ

జవాబు: మీరు అడిగినవి రెండు వేర్వేరు పనులు. ఫోల్డర్లు సర్దితే ఫొటో మీకు తొందరగా దొరుకుతుంది; డీఫ్రాగ్ (డిస్కులో చెదిరిన ఫైలు ముక్కలను ఒకచోట చేర్చడం) చేస్తే ఫైలు డిస్కుకు తొందరగా దొరుకుతుంది. ఒకటి చేసినంత మాత్రాన రెండోది జరగదు. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు ఎక్కడ దించారన్నది ఒక సంగతి, అవి ఏ రైతు పేరున ఏ పద్దు కింద రాశారన్నది మరో సంగతి. డిస్కులోనూ అంతే. ఒక ఫొటోను అదే డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ నుంచి మరో ఫోల్డర్‌కు మార్చినప్పుడు మారేది పద్దు మాత్రమే, బస్తా కదలదు. ఎంత పెద్ద ఫోల్డరైనా డి డ్రైవ్‌లోనే మారిస్తే క్షణాల్లో మారిపోవడానికీ, బయటి డ్రైవ్‌కు పంపితే గంటలు పట్టడానికీ కారణం ఇదే.

ఇక ఫైలు ముక్కలు కావడం ఎలాగో చూద్దాం. విండోస్ మామూలుగా డిస్కును 4 కేబీ చొప్పున క్లస్టర్లుగా విభజించుకుంటుంది. 25 ఎంబీ ఫొటోకు ఇలాంటివి 6,400 కావాలి. ఖాళీ అంతా ఒకేచోట ఉంటే వాటిని వరుసగా రాస్తుంది. డిస్కు నిండుతున్నకొద్దీ, పాత ఫైళ్లు చెరిపిన చోట్ల మిగిలిన చిన్న చిన్న ఖాళీలలో ఎక్కడ పడితే అక్కడ రాయవలసి వస్తుంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టు తిరగడానికి సుమారు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. చదివే హెడ్ సరైన చోటికి జరగడానికీ, కావలసిన భాగం దాని కిందికి వచ్చేదాకా ఆగడానికీ కలిపి ఒక్కో ముక్కకు సగటున 12, 13 మిల్లీసెకన్లు పోతాయి. వరుసగా ఉన్న 100 ఎంబీల ఫైలును ఇలాంటి డిస్కు దాదాపు ఒక సెకనులో చదువుతుంది. అదే ఫైలు వెయ్యి ముక్కలై చెదిరి ఉంటే, ముక్కల దగ్గరికి వెళ్లడానికే మరో 12 సెకన్లు కావాలి. డీఫ్రాగ్ తీర్చేది ఈ ఇబ్బందిని మాత్రమే.

అయితే ఈ ఇబ్బంది మీ డిస్కులో అంత ఎక్కువగా ఉంటుందని నేను అనుకోవడం లేదు. ఫొటోను కార్డు నుంచి ఒకసారి దించాక దాన్ని ఎవరూ పెంచరు, తగ్గించరు. కాబట్టి అది రాసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ముక్కలయ్యేవి రోజూ పెరుగుతూ, మారుతూ ఉండే ఫైళ్లు: లెక్కల సాఫ్ట్‌వేర్ డేటా, ఈమెయిల్ డేటా, మళ్లీ మళ్లీ సేవ్ చేసే ఆల్బమ్ డిజైన్లు. మీ కంప్యూటర్ నిదానానికి మూడు కారణాలను అనుమానించాలి. మొదటిది, ఒకే ఫోల్డర్‌లో వేలకొద్దీ ఫొటోలు ఉండటం. ఫోల్డర్ తెరిచినప్పుడు వాటి చిన్న బొమ్మలు తయారుకావలసి వస్తుంది. రెండోది, డిస్కు నిండిపోవడం. మూడోదే నన్ను కలవరపెడుతున్నది, డిస్కు పాడవుతూ ఉండటం. రాత్రంతా నడిచినా డీఫ్రాగ్ పూర్తికాలేదంటే సర్దడానికి ఖాళీ చాలకపోయి ఉండాలి, లేదా కొన్ని భాగాలను చదవలేక డిస్కు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉండాలి.

కాబట్టి మళ్లీ డీఫ్రాగ్ జోలికి పోకుండా, ముందు డిస్కు ఆరోగ్యం చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిస్తే పైనే డిస్కు పరిస్థితి రంగుతో కనిపిస్తుంది. 'కాషన్' అని పసుపు రంగు చూపిస్తే, కింద 'రీఅలొకేటెడ్ సెక్టార్స్', 'కరెంట్ పెండింగ్ సెక్టార్' అనే వరుసలు చూడండి, ఇవి డిస్కులో పాడైన, పాడవుతున్న భాగాల లెక్కలు. అక్కడ సున్నా కాకుండా అంకెలు కనిపించి, అవి వారం వారం పెరుగుతూ ఉంటే ఆ డిస్కును ఇక నమ్మకూడదు. అలాంటి డిస్కును డీఫ్రాగ్ చేయడమంటే, అలసిపోయిన యంత్రాన్ని గంటల తరబడి చదివించి, రాయించి, ఉన్న కాస్త ఆయుష్షూ తీయడమే. ఆ ఫొటోలు మీవి మాత్రమే కావు, మిమ్మల్ని నమ్మి పెళ్లి పనులు అప్పగించిన కుటుంబాలవి. ఆ మాట దృష్టిలో పెట్టుకునే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పసుపు కనిపించినా కనిపించకపోయినా, ఫోల్డర్లు సర్దడానికన్నా ముందు ఫొటోలన్నీ ఒక బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. ఆ డిస్కు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండకుండా చూసుకోండి, ఎందుకంటే అందులో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా పట్టదు, పెళ్లి వీడియోలు తేలిగ్గా అంతకు మించుతాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్ గాని ఎక్స్‌ఫ్యాట్ గాని ఉంటే ఇబ్బంది లేదు. కాపీ డిస్కును స్టూడియోలోనే ఉంచకండి. 2023 జూలై వరదల్లో వరంగల్, హనుమకొండ లోతట్టు కాలనీల్లోకి నీళ్లు వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కంప్యూటరూ దాని కాపీ డిస్కూ ఒకే గదిలో ఉంటే కాపీ తీసిన ప్రయోజనమే పోతుంది.

ఆ తర్వాత సర్దుకోండి. ఫోల్డర్ పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ రాయండి: '2024-02-21 మేడారం' అన్నట్టుగా. ఇలా రాస్తే పేర్ల వరుసే తేదీల వరుస అవుతుంది, 2022 జాతర 2024 జాతరకు ముందే కనిపిస్తుంది. మనకు అలవాటైన పద్ధతిలో తేదీని ముందు రాస్తే అన్ని నెలల ఒకటో తేదీలూ ఒకేచోట చేరతాయి. అంకెల మధ్య ఏటవాలు గీత పెట్టాలన్నా విండోస్ ఒప్పుకోదు, చిన్న అడ్డగీతే వాడాలి.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. చాలా కెమెరాలు ఫొటోలకు 9999 వరకు అంకెలు వేసి మళ్లీ 0001 దగ్గర మొదలుపెడతాయి; కొన్నింటిలో కార్డు మార్చినప్పుడల్లా లెక్క మొదటికి వచ్చేలా సెట్టింగ్ ఉంటుంది. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు తీసిన ఒకే పెళ్లి ఫొటోలను ఒకే ఫోల్డర్‌లో పోసినప్పుడు ఒకే పేరున్న రెండు వేర్వేరు ఫొటోలు ఎదురుపడతాయి. అప్పుడు విండోస్ 'రీప్లేస్' చేయాలా అని అడుగుతుంది. పని తొందరలో అది నొక్కారంటే ముందున్న ఫొటో పోయినట్టే, అది రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లదు. కాబట్టి ఒక్కో కార్డుకు ఒక్కో ఫోల్డర్ పెట్టి, 'కార్డు 1', 'కార్డు 2' అని రాసుకోండి. తీసిన ఫొటోలు, సరిచేసినవి, ఆల్బమ్‌కు వెళ్లినవి వేర్వేరు ఫోల్డర్లలో ఉండాలి. పని ముగిసిన పాత సంవత్సరాలను, వేరేచోట రెండు కాపీలున్నాయని రూఢి చేసుకున్నాకే, డి డ్రైవ్ నుంచి తీసేయండి. డ్రైవ్‌లో కనీసం ఆరో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉండేలా చూసుకోండి.

ఇదంతా అయ్యాక స్టార్ట్ మెనూలో 'డీఫ్రాగ్' అని టైప్ చేసి, వచ్చిన కిటికీలో డి డ్రైవ్‌ను ఎంచుకుని 'అనలైజ్' నొక్కండి. ముక్కలైనది పది శాతం కన్నా తక్కువ అని చూపిస్తే వదిలేయండి. నిజానికి విండోస్ ఈ పనిని ఎవరూ చెప్పకుండానే వారానికోసారి, కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు చేసుకుంటుంది. 64 ఎంబీ కన్నా పెద్ద ముక్కలను అది పట్టించుకోదు కూడా, ఎందుకంటే అంత పెద్ద ముక్కలను కలిపినా వేగంలో తేడా తెలియదు. కరెంటు గురించి మీ భయం సగం నిజం: విండోస్ ముందు ముక్కను కొత్త చోట రాసి, ఆ తర్వాతే పద్దు మారుస్తుంది, కాబట్టి డీఫ్రాగ్ మధ్యలో ఆగినంత మాత్రాన ఫైళ్లు సాధారణంగా పాడవవు. అయితే తిరుగుతున్న డిస్కుకు పదే పదే కరెంటు పోవడం ఎప్పుడూ మంచిది కాదు. యూపీఎస్ లేకుండా రాత్రుళ్లు నడపకండి.

ప్రశ్న: కరీంనగర్‌లో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్లి పత్రికల పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ సంవత్సరాలవారీగా కొత్త ఫోల్డర్లలోకి మార్చాను. ఇప్పుడు పాత పత్రిక తెరిస్తే దేవుడి బొమ్మలు, బార్డర్లు దొరకడం లేదని అడుగుతోంది. డీఫ్రాగ్ చేయడం వల్ల ఇలా అయిందా? ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: డీఫ్రాగ్ వల్ల ఇలా ఎప్పుడూ జరగదు, అది పేర్లనూ ఫోల్డర్లనూ ముట్టుకోదు. బొమ్మను పేజీలో పెట్టినప్పుడు పేజ్‌మేకర్ చాలాసార్లు బొమ్మను పూర్తిగా తనలో దాచుకోకుండా, అది ఏ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ చిరునామా మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. మీరు ఫోల్డర్ మార్చగానే ఆ చిరునామా తప్పిపోయింది. ఫైల్ మెనూలోని లింక్స్ తెరిచి ఒక్కో బొమ్మ కొత్త చోటు చూపిస్తే సరిపోతుంది. బొమ్మల ఫోల్డర్‌ను పాత చోటికే తిరిగి మారిస్తే ఇంకా సులువు. ఇకనుంచి అందరి పత్రికల్లో వాడే బొమ్మలు, బార్డర్లకు ఒక స్థిరమైన ఫోల్డర్ పెట్టి, దాన్ని ఎన్నడూ కదపకండి. ఒక కుటుంబానికి చెందిన ఫొటోలు మాత్రం వారి పత్రిక ఫైలు పక్కనే ఉండాలి. పాత ఫైళ్లను దాచేటప్పుడు అందులో వాడిన 'అను' తెలుగు ఫాంట్లను కూడా దాచుకోండి, ఫాంటు లేకపోతే పత్రికంతా అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది.

తెలుగు పేర్లను విండోస్ చక్కగా అంగీకరిస్తుంది. పేజ్‌మేకర్ మాత్రం యూనికోడ్‌కు (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడిగా ఉన్న సంకేతాల పద్ధతికి) ముందు కాలపు సాఫ్ట్‌వేర్, తెలుగు పేరున్న ఫైళ్ల దగ్గర తడబడుతుంది. కాబట్టి పేజ్‌మేకర్ తెరవవలసిన ఫైళ్లకూ, అవి ఉండే ఫోల్డర్లకూ ఇంగ్లిష్ అక్షరాల పేర్లే ఉంచండి, మిగతావాటికి నిస్సంకోచంగా తెలుగు పేర్లు పెట్టుకోండి.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ ఉంది. నెలకోసారి డీఫ్రాగ్ చేస్తే వేగం పెరుగుతుందా?
– ఒక డిగ్రీ విద్యార్థి, జగిత్యాల

జవాబు: పెరగదు. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం, జరిగే హెడ్ ఉండవు, కాబట్టి ముక్కలు ఎక్కడున్నా చదవడానికి పట్టే సమయంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. పైగా దాని మెమరీ సెల్స్‌పై రాయగలిగే సార్లకు పరిమితి ఉంది. విండోస్ కిటికీలో దాని పక్కన 'సాలిడ్ స్టేట్ డ్రైవ్' అని ఉంటే అక్కడి 'ఆప్టిమైజ్' బటన్ ప్రధానంగా ట్రిమ్ అనే పని చేస్తుంది, అంటే చెరిపేసిన ఫైళ్ల చోట్లు ఖాళీ అయ్యాయని డ్రైవ్‌కు తెలియజేస్తుంది. దాన్ని విండోస్‌కే వదిలేయండి. ఎస్‌ఎస్‌డీని డీఫ్రాగ్ చేస్తామని చెప్పే బయటి సాఫ్ట్‌వేర్లను వేసుకోకండి.

ప్రశ్న: మా బడిలోని కంప్యూటర్‌లో పదో తరగతి పిల్లల వివరాల ఫోల్డర్ పొరపాటున డిలీట్ అయింది. రీసైకిల్ బిన్‌లో లేదు. డీఫ్రాగ్ చేస్తే చెదిరిన ముక్కలు కలిసి ఫైళ్లు తిరిగి వస్తాయని ఒకరు చెప్పారు. నిజమేనా?
– ఒక ఉపాధ్యాయుడు, మంచిర్యాల

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. చెరిపేసినప్పుడు పోయేది పద్దు మాత్రమే. సాధారణ హార్డ్ డిస్కులో ఆ సమాచారం, దానిపై మరొకటి రాసేదాకా అక్కడే ఉంటుంది. విండోస్ దృష్టిలో మాత్రం ఆ చోటు ఖాళీ. డీఫ్రాగ్ మిగిలిన ఫైళ్లను తెచ్చి సరిగ్గా అలాంటి ఖాళీల్లోనే రాస్తుంది, దాంతో పిల్లల వివరాలు తిరిగి తెచ్చుకునే దారే మూసుకుపోతుంది. ఆ కంప్యూటర్‌ను వెంటనే ఆపేయండి, వారానికోసారి జరిగే డీఫ్రాగ్ తనంతట తాను మొదలుకావచ్చు. డిస్కును బయటకు తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించి, రికవరీ సాఫ్ట్‌వేర్‌ను ఆ రెండో కంప్యూటర్‌లోనే వేసి, దొరికిన ఫైళ్లను కూడా అందులోనే సేవ్ చేయాలి. ఇది మీకు కొత్త అయితే తెలిసిన టెక్నీషియన్‌కు అప్పగించి, పాత డిస్కులో ఏదీ రాయవద్దని ముందే చెప్పండి. ఆ కంప్యూటర్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ అయితే ట్రిమ్ వల్ల ఆశ చాలా తక్కువ. అలాంటప్పుడు ఈ వివరాలను అంతకుముందు ఎవరికైనా ఈమెయిల్‌లో పంపారా, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారా అన్నది వెతకడమే మేలు.