చిన్న వేషాల నుంచి దర్శకత్వం దాకా

ప్రశ్న: చిన్న వేషాలు వేసుకునే ఆర్. నారాయణమూర్తి గారు డబ్బు లేకుండానే దర్శకుడు ఎలా కాగలిగారు? మా ఒంగోలు ప్రాంతం నుంచి వెళ్లిన మాదాల రంగారావు, టి. కృష్ణ గార్లది, ఆయనది ఒకే బాట అనవచ్చా?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: తూర్పు గోదావరి జిల్లా మల్లంపేటలో పుట్టిన నారాయణమూర్తి గారు 1973 నాటి ‘నేరము – శిక్ష’లో జూనియర్ ఆర్టిస్టుగా తెర మీదికి వచ్చారు. తరువాత దాసరి నారాయణరావు గారి ప్రోత్సాహంతో కొన్ని పాత్రలు దక్కాయి. అయితే తాను చెప్పదలచిన కథ కోసం మరొక నిర్మాత గుమ్మం ముందు నిలబడకుండా, స్నేహచిత్ర పిక్చర్స్ అనే సొంత సంస్థ పెట్టుకుని 1986లో ‘అర్ధరాత్రి స్వతంత్రం’ తీశారు.

ఇక డబ్బు సంగతి. సినిమా ఖర్చులో పెద్ద వాటా తారల పారితోషికానికి, సెట్లకు, పాటల హంగుకు పోతుంది. కథ, దర్శకత్వం, నిర్మాణం, ప్రధాన పాత్ర, చాలా చిత్రాలలో సంగీతం కూడా తానే చూసుకున్న మనిషికి ఆ బరువు చాలావరకు తగ్గిపోతుంది. అంతకన్నా విలువైన పెట్టుబడి ఆయనకు జనం పాటలో దొరికింది. వంగపండు ప్రసాదరావు గారి ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ పాటను ‘అర్ధరాత్రి స్వతంత్రం’లో పెట్టుకోవడం వల్ల, కోట్లు పోసినా కొనలేని ఊపు ఆ చిన్న సినిమాకు వచ్చింది. ఆ పల్లవి 2009లో ‘మగధీర’ దాకా వెళ్లిందంటే దాని బలం ఎంతటిదో మీరే ఊహించుకోవచ్చు.

ఒకే బాటా అంటే, వామపక్ష భావాలలో అవును, పద్ధతిలో కాదు. వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి నుంచి వచ్చిన మాదాల వారు ‘యువతరం కదిలింది’ (1980), ‘ఎర్రమల్లెలు’ (1981) చిత్రాలలో తాను నటిస్తూ దర్శకత్వాన్ని ధవళ సత్యం గారికి అప్పగించారు. దర్శకుడు టి. కృష్ణ గారు ‘నేటి భారతం’ (1983)లో సుమన్, విజయశాంతి వంటి తారలతో అదే ఆవేశాన్ని నడిపించారు. ఆయన కన్నుమూసిన 1986లోనే నారాయణమూర్తి గారు మెగాఫోన్ పట్టడం నన్ను ఇప్పటికీ కదిలించే విషయం.

అన్ని పనులూ ఒకే చేతిలో ఉండటం వల్ల నష్టమూ ఉన్నది. సన్నివేశం ఉపన్యాసంగా మారుతున్నప్పుడు ‘ఇక్కడ ఆపండి’ అని చెప్పే రెండో మనిషి ఉండడు. ఆయన తరువాతి చిత్రాలలో కొన్నింటికి ఆ లోటు తగిలిందనే నేను అనుకుంటాను. మూడేళ్ల ఎడంతో వచ్చిన ‘నేటి భారతం’, ‘అర్ధరాత్రి స్వతంత్రం’ ఒకదాని వెంట ఒకటి చూడండి, ఈ తేడా మీకే తెలుస్తుంది.