మంత్రి సభలో ఇచ్చిన మాట మీద కోర్టుకు వెళ్లవచ్చా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది చెన్నై ఉత్తర శివారు, రెడ్‌హిల్స్ వైపు. తాతల కాలం నుంచి ఇక్కడే ఉంటున్న తెలుగు కుటుంబం. మా వీధికి వాన నీటి కాలువ లేదు. ఏటా దీపావళి వానలకు మురుగు ఇళ్లలోకి వస్తోంది. కిందటేడు శాసనసభలో మా ఎమ్మెల్యే ఈ సంగతి అడిగితే మంత్రి గారు లేచి, ‘నిధి నిలైమైక్కేఱ్ప ఇంద ఆండే ఎడుత్తుక్కొళ్ళప్పడుం’ అన్నారు. అంటే నిధుల పరిస్థితిని బట్టి ఈ ఏడాదే చేపడతాం అని. టీవీలో మేమంతా చూశాం. ఏడాది దాటింది. మునిసిపాలిటీ ఇంజనీరును అడిగితే ‘మాకు ఏ ఫైలూ రాలేదమ్మా’ అంటున్నాడు. సభలో ఇచ్చిన మాట తప్పితే కేసు వేయవచ్చా? మా అబ్బాయి ఆ క్లిప్‌కు ‘సభలోనే అబద్ధం’ అని హెడ్డింగ్ పెట్టి ఫేస్‌బుక్‌లో వేశాడు. సభాహక్కుల ఉల్లంఘన అవుతుంది, జైలే అని పక్కింటాయన అంటున్నారు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఇంకో సంగతి, మాకు తమిళం మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. అర్జీ తెలుగులో రాస్తే తీసుకుంటారా? – ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, ఆ మాట ఒక్కదాన్నే పట్టుకుని కోర్టుకు వెళితే కేసు నిలవదు. అలాగని ఆ మాటను వదిలేయవద్దు. మీ కాలువకు ఇప్పటికి మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం అదే. దాన్ని ఎక్కడ వాడాలో తెలియాలి, అంతే.

నిలవదని ఎందుకంటున్నానో ముందు చెబుతాను. సభలో సభ్యుడు మాట్లాడిన మాట మీద ఏ కోర్టులోనూ అతని మీద కేసు నడపకూడదని రాజ్యాంగం 194వ అధికరణం రెండో క్లాజు చెబుతోంది. మంత్రివర్గం 164వ అధికరణం ప్రకారం జవాబు చెప్పుకోవలసింది శాసనసభకు. మాట తప్పావని నిలదీసే హక్కు మొదట సభదే. పైగా 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఒక మంత్రి అన్న మాటను సమష్టి బాధ్యత పేరుతో ప్రభుత్వం మొత్తానికి అంటగట్టలేమని తేల్చింది. ఆ కేసులో విషయం వేరు గానీ, ప్రభుత్వ న్యాయవాది మీ కేసులో ముందుగా చూపించే తీర్పు అదే.

‘ప్రభుత్వం మాట ఇచ్చి తప్పకూడదని సుప్రీంకోర్టు చెప్పింది కదా’ అని మీకు ఎవరైనా అనవచ్చు. నిజమే, 1979లో మోతీలాల్ పదంపత్ కేసులో చెప్పింది. అమ్మకపు పన్ను మినహాయిస్తామన్న ప్రభుత్వ హామీని నమ్మి ఆ కంపెనీ వనస్పతి ఫ్యాక్టరీ పెట్టింది. హామీని నమ్మి డబ్బు పెట్టినవాళ్లు, నష్టపోయినవాళ్లు ఆ సూత్రం కిందికి వస్తారు. మీరు మంత్రి మాట నమ్మి అలాంటి ఖర్చేదీ పెట్టుకోలేదు కనుక అది మీకు పనికిరాదు.

ఇక ఆ మాట ఏ సందర్భంలో వచ్చిందో చూడాలి. ఇది చాలామంది పట్టించుకోరు, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. సెయింట్ జార్జ్ కోటలో ఉదయం స్పీకర్ తిరుక్కురళ్ చదివి సభ మొదలుపెట్టాక ముందు ప్రశ్నోత్తరాలు వస్తాయి. ఎమ్మెల్యే ముందుగా నోటీసు ఇచ్చి అడిగిన ప్రశ్న అయితే దాని జవాబును శాఖ తయారుచేస్తుంది. సెక్రటేరియట్‌లో దానికి ఒక ఫైలు ఉంటుంది. అలా కాకుండా, వేరే ఊరి కాలువ మీద ఎవరో అడిగిన ప్రశ్నకు కొనసాగింపుగా మీ ఎమ్మెల్యే లేచి అనుబంధ ప్రశ్న వేసి ఉంటే, మంత్రి అప్పటికప్పుడు నోటితో జవాబు చెప్పి ఉంటారు. దాని వెనక ఫైలు ఉండి తీరాలని లేదు. ఇంజనీరు ‘ఏ ఫైలూ రాలేదు’ అంటున్నాడంటే ఈ రెండోదే జరిగి ఉండవచ్చని నా అనుమానం.

అదే శాఖ పద్దుల మీద చర్చ ముగిశాక మంత్రి చదివే కొత్త ప్రకటనల్లో మీ వీధి పేరు ఉంటే బలం ఎక్కువ. శాసనసభ నియమావళి 110వ నిబంధన కింద చేసే ప్రకటన మరో రకం. దాని మీద ప్రశ్నలు ఉండవు, చర్చా ఉండదు. జయలలిత ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో ఈ నిబంధన పేరు ఊరూరా వినపడింది. ఎంత పెద్ద ప్రకటన అయినా దానంతట అది డబ్బు విడుదల చేయదు. పద్దు సభ ఆమోదం పొందాలి, ఖజానా నుంచి డబ్బు తీయడానికి అనుమతించే ద్రవ్య వినిమయ చట్టం రావాలి. ఆ తర్వాత మీ పనికి అంచనా వేసి, పరిపాలనా అనుమతి ఇస్తూ జీవో రావాలి, సాంకేతిక అనుమతి, టెండరు, వర్క్ ఆర్డరు కావాలి. మంత్రి మాట ఈ దారిలో ఏ మెట్టు దగ్గర ఆగిందో కనుక్కోవడమే మీరు ఇప్పుడు చేయవలసిన పని.

అందుకు మొదట రికార్డు సంపాదించండి. టీవీ క్లిప్ చాలదు. సభా కార్యకలాపాల ముద్రిత ప్రతిలో తేదీ, ప్రశ్న, మంత్రి మాటలు ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి. శాసనసభ సచివాలయాన్ని అడిగి గానీ, ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా గానీ ఆ పేజీ తీసుకోండి.

రెండోది, శాసనసభకు ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ఉంది. మంత్రులు సభలో ఇచ్చిన మాటలు అమలయ్యాయో లేదో చూడటమే దాని పని. ‘పరిశీలిస్తాం’, ‘ఆవన సెయ్యప్పడుం’ (తగినది చేస్తాం) లాంటి మాటలు విని ఇదంతా తప్పించుకునే ధోరణి అని మనం పెదవి విరుస్తాం. పార్లమెంటులో అయితే ‘పరిశీలనలో ఉంది’ అన్నా హామీగానే లెక్క. మీకు వచ్చింది అంతకంటే గట్టి మాట, ఈ ఏడాదే అన్నారు. ‘నిధుల పరిస్థితిని బట్టి’ అన్న షరతు ఉంది కనుక, నిధులు లేవని శాఖ తప్పుకోవచ్చు. అయితే ఆ ముక్క వాళ్ల చేత కాగితం మీద రాయించగలిగితే అదే మీకు మేలు. ఎందుకో కోర్టు సంగతి దగ్గర చెబుతాను. ఈ కమిటీకి మీ ఎమ్మెల్యే చేత లేఖ రాయించండి. సభ్యుడు అడిగితే శాఖ కమిటీకి సంజాయిషీ చెప్పుకోవాలి. ఎమ్మెల్యే మీ పార్టీయా కాదా అని చూడకండి. తాను అడిగిన ప్రశ్న అమలైందంటే ఆయనకూ మంచిదే. సభకు అర్జీల కమిటీ కూడా ఉంది, కానీ మీ విషయంలో హామీల కమిటీయే సరైన చోటు.

మూడోది ఆర్టీఐ. సంబంధిత శాఖ పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. తమిళనాడులో కోర్టు ఫీ స్టాంపు అంటించినా చాలు. ‘కాలువ ఎందుకు కట్టలేదు?’ అని మాత్రం అడగవద్దు. ఆర్టీఐ కింద వాళ్ల దగ్గర ఉన్న కాగితాలు ఇస్తారు, కారణాలు వెతికి చెప్పరు. ఇలా అడగండి: ఫలానా తేదీన సభలో మా వీధి కాలువపై మంత్రి ఇచ్చిన జవాబు మీద శాఖలో తెరిచిన ఫైలు నంబరు, నోట్ ఫైలు నకలు, అది హామీగా నమోదై ఉంటే ఆ వివరం, పరిపాలనా అనుమతి జీవో ఉంటే దాని నకలు, మునిసిపాలిటీకి పంపిన లేఖలు, వచ్చిన జవాబుల నకళ్లు. ఫైలే లేకపోతే లేదని రాసి ఇస్తారు. అదీ మీకు పనికొచ్చే కాగితమే. సభ ముందు ఇంకా పెట్టని కమిటీ నివేదికలు అడిగితే సభాహక్కుల పేరుతో 8(1)(సి) కింద నిరాకరించవచ్చు. అందుకే శాఖ సొంత కాగితాల దగ్గరే ఆగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. ఆ గడువు జారిపోనివ్వకండి.

భాష సంగతి అడిగారు, సంతోషం. మన తెలుగువాళ్లు చాలామంది ఇక్కడే వెనకాడతారు. కష్టం చెప్పుకుంటూ ఇచ్చే అర్జీని దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇచ్చే హక్కు 350వ అధికరణం మీకు ఇచ్చింది. కాబట్టి కలెక్టరుకో మునిసిపల్ కమిషనరుకో తెలుగులో అర్జీ ఇస్తే తిప్పి పంపకూడదు. ఆర్టీఐ మాత్రం వేరు. ఆ చట్టం 6వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఆ ప్రాంత అధికార భాషలో గానీ ఉండాలి. ఇక్కడ అది తమిళం. రాయలేనివాళ్లు నోటితో చెబితే రాసుకునే సాయం చేయవలసిన బాధ్యత సమాచార అధికారిదే, అదీ ఆ సెక్షన్‌లోనే ఉంది. హక్కు సంగతి అలా ఉంచితే, పని త్వరగా కావాలంటే తెలుగు అర్జీకి తమిళ ప్రతి కూడా జతచేయమని నా సలహా. కాలేజీలో చదివే పిల్లలెవరైనా గంటలో రాసిపెడతారు.

ఇప్పుడు కోర్టు. రిట్ (అధికారుల చేత వాళ్ల బాధ్యత చేయించమని హైకోర్టును కోరే పిటిషన్) వేయాలంటే మంత్రి మాటకు బదులు మునిసిపాలిటీకి చట్టం పెట్టిన బాధ్యతను ఆధారం చేసుకోవాలి. తమిళనాడులో పట్టణ స్థానిక సంస్థల చట్టం 1998 నాటిదే అయినా 2023లో అమలులోకి వచ్చింది. మురుగు, వాన నీరు పోయే ఏర్పాట్లు స్థానిక సంస్థ పని. 1980లో రత్లాం మునిసిపాలిటీ కేసు మీరు గుర్తుపెట్టుకోవలసిన తీర్పు. మధ్యప్రదేశ్‌లోని ఆ ఊళ్లో వీధి జనం మురుగు కాలువ కోసం మెజిస్ట్రేటు దగ్గరికి వెళితే మునిసిపాలిటీ డబ్బుల్లేవంది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ప్రజల ఆరోగ్యానికి సంబంధించిన చట్టబద్ధ బాధ్యతను నిధుల్లేవన్న సాకుతో తప్పించుకోలేరని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. ‘నిధులు లేవు’ అని శాఖ చేత రాయించుకోమని పైన అన్నది ఇందుకే. రత్లాం జనం వాడిన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్‌గా ఉంది. ఆ దారిలో కార్యనిర్వాహక మెజిస్ట్రేటు దగ్గరకు వెళ్లవచ్చు. ఖర్చు తక్కువ, వీధివాళ్లంతా కలిసి సంతకాలు పెట్టవచ్చు.

మద్రాసు హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ వేయాలనుకుంటే ముందు మునిసిపాలిటీకి రాతపూర్వకంగా డిమాండు పెట్టి ఉండాలి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. అందులో మంత్రి జవాబు పేజీ, నీళ్లు నిలిచిన రోజుల ఫొటోలు తేదీలతో జతచేయండి. కోర్టుకు మంత్రి మాట దానంతట అది హక్కు కాకపోయినా, ఈ సమస్య ఉందని ప్రభుత్వమే సభలో ఒప్పుకుందని చూపడానికి బాగా పనికొస్తుంది. అర్జీని ఇన్ని వారాల్లో పరిశీలించి తేల్చమని ఆదేశం రావడం మొదటి విజయం కింద లెక్క. దాన్ని తీసిపారేయకండి.

మీ అబ్బాయి పోస్టు గురించి భయపడవద్దు, కానీ ఈ రోజే ఆ హెడ్డింగ్ మార్పించండి. ప్రశ్నోత్తరాల సమయాన్ని 2022 జనవరి నుంచి ఇక్కడ ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నారు. జనమంతా చూసిన ఆ భాగాన్ని మార్చకుండా పంచుకున్నంత మాత్రాన తప్పు పట్టరు. చూసుకోవలసినవి రెండు. స్పీకర్ రికార్డు నుంచి తొలగించిన మాటలను వేయకూడదు. 1958లో పట్నా సర్చ్‌లైట్ పత్రిక కేసు అక్కడే వచ్చింది. రెండోది, ‘అబద్ధం’ అన్న మాట. మంత్రి కావాలని సభను మోసం చేశారని దాని అర్థం. అది రుజువు చేయడానికి మీ దగ్గర ఏమీ లేదు. మాట ఇవ్వడం, నెరవేరకపోవడం వేరు, తెలిసి తప్పు చెప్పడం వేరు. రెండోది నిజంగా జరిగితే సభాహక్కుల నోటీసు మంత్రి మీదే వస్తుంది, అదీ సభ్యుడు ఇవ్వాలి.

పక్కింటాయన భయం గాలిలోంచి పుట్టింది కాదు. 1987లో ఒక తమిళ వారపత్రిక ముఖచిత్రంపై వేసిన కార్టూన్ జోకుకు ఇదే సభ ఆ సంపాదకుడికి మూడు నెలల జైలు శిక్ష వేసింది. గగ్గోలు పుట్టడంతో కొద్ది రోజుల్లోనే వదిలేశారు. తర్వాత హైకోర్టు ఆ అరెస్టు చెల్లదంటూ 1,000 రూపాయల పరిహారం ఇప్పించింది. 2003 నవంబరులో ఒక ఇంగ్లీషు దినపత్రిక సంపాదకులకు 15 రోజుల శిక్ష వేస్తే సుప్రీంకోర్టు మూడు రోజుల్లో ఆపింది. పత్రికలకు నిలబడే శక్తి ఉంది. చదువుకునే పిల్లాడికి ఒక నోటీసు వచ్చినా ఇల్లంతా నలిగిపోతుంది. ఆ హెడ్డింగ్ తీసేసి ‘ఫలానా తేదీన సభలో ఇచ్చిన హామీ ఇది. నేటికి పని మొదలవలేదు’ అని రాయమనండి. ఇందులో ప్రతి అక్షరమూ నిజమే, పరువు నష్టం కేసుకూ చోటు ఉండదు, చదివినవాళ్లకు విషయమూ అర్థమవుతుంది.

ఆర్టీఐ దరఖాస్తు, మునిసిపాలిటీకి డిమాండు లేఖ రెండూ ఈ వారమే ఒకేసారి పంపండి. ఒకటి వచ్చాక ఒకటి అని ఆగితే టెండరు పిలిచే లోపే మళ్లీ ఈశాన్య రుతుపవనాలు వచ్చేస్తాయి. శాఖ నుంచి జవాబు రాగానే దాని నకలు జతచేసి నాకు రాయండి. జీవో వచ్చి పని ఆగిందా, అసలు జీవోయే రాలేదా అన్నదాన్ని బట్టి 152వ సెక్షన్ దారా, హైకోర్టు దారా అన్నది చెబుతాను.